పికప్ బండికి ఏ క్రౌన్ సెట్టు? పళ్ల లెక్క, డీజిల్ లెక్క

కావలి బైపాస్ పక్కన మా షెడ్డుకు వచ్చే పికప్ డ్రైవర్లు తరచూ అడిగే మాట ఒకటుంది. “అన్నా, మైలేజీ క్రౌన్ దొరుకుతుందంట కదా, మన బండికి వేస్తావా?” వేయడం నాకు పెద్ద పనేం కాదు, బిల్లు కూడా బాగానే అవుతుంది. అయినా అడిగినవాళ్లలో ఎక్కువమందికి వద్దనే చెబుతాను. ఎందుకు వద్దంటానో, ఎవరికి మాత్రం సరే అంటానో, మీ బండి సంగతి మీరే ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాను. కాగితం, పెన్ను, సుద్దముక్క, టేపు ఉంటే చాలు.

వెనక ఆక్సిల్ (ఇరుసు) మధ్యలో ఉబ్బుగా ఉండే పెట్టే హౌసింగ్. దాని లోపల పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్, రెండూ కలిపి సెట్టు. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41 పళ్ల క్రౌన్‌కు 10 పళ్ల పినియన్ అయితే 4.1. అదే 41కి 11 అయితే 3.73. 41కి 9 అయితే 4.56. అంటే 4.1 సెట్టున్న బండిలో వెనక చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్స్ నుంచి వెనక ఆక్సిల్‌కు వచ్చే పొడవాటి కడ్డీ) నాలుగు చుట్లు దాటి తిరగాలి. అంకె పెద్దదైతే చక్రానికి బలం ఎక్కువ, ఇంజిన్‌కు చుట్లు ఎక్కువ. అంకె చిన్నదైతే చుట్లు తక్కువ, లాగుడూ తక్కువ. డ్రైవర్లు మైలేజీ క్రౌన్ అనేది ఈ చిన్న అంకె సెట్టునే. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌లో హమాలీలను చూడండి. బస్తా వీపున ఉన్నప్పుడు చిన్న చిన్న అడుగులు వేస్తారు, ఖాళీగా వచ్చేటప్పుడు పెద్ద అంగలు వేస్తారు. బరువుతో పెద్ద అంగ వేస్తే మోకాలు పోతుంది.

క్రౌన్ పళ్లు ఎప్పుడూ 41, 43, 37 లాంటి అంకెలే ఎందుకుంటాయని కొందరు అడుగుతారు. రెండు చక్రాల పళ్ల లెక్కలూ ఒకే అంకెతో భాగారం కాకుండా చూస్తారు. అప్పుడు పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నుకూ వంతుల వారీగా తగులుతుంది, అరుగుదల అంతటా సమంగా ఉంటుంది. పాత క్రౌన్ ఉంచుకుని పినియన్ మాత్రం కొత్తది కొనడం కుదరదు. రెండూ జంటగా రుద్ది తయారుచేసినవి, జంటగానే మార్చాలి.

ముందు మీ బండిలో ఏ రేషియో ఉందో చూడండి

ఒకే పేరున్న బండిలోనే మోడల్‌ను బట్టి, మోసే బరువును బట్టి రేషియోలు మారతాయి. సెకండ్ హ్యాండులో కొన్న బండైతే పాత ఓనరు ఏం వేయించాడో దేవుడికే తెలియాలి. హౌసింగ్ విప్పకుండానే కొలవొచ్చు.

బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టండి. ఇంజిన్ ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. అందుకే ముందు చెక్కల విషయంలో బద్ధకించకూడదు. వెనక ఒక్క చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, ఆక్సిల్ కింద స్టాండ్ పెట్టండి. రెండో చక్రం నేల మీదే ఉండాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఒక సుద్ద గీత, లేపిన టైరు మీద ఒక గీత గీయండి.

ఇప్పుడు ఒకరు టైరును 20 చుట్లు తిప్పాలి, ఇంకొకరు పక్కనుంచి షాఫ్ట్ గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉంటే, లేచిన చక్రం రెండు చుట్లు తిరిగినప్పుడే లోపలి క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) పనితీరే అది. కాబట్టి టైరు 20 చుట్లకు క్రౌన్ తిరిగేది 10 చుట్లు. షాఫ్ట్ 41 చుట్లు తిరిగితే రేషియో 4.1. 37 దాటి కొద్దిగా ఎక్కువైతే 3.73. నలభై అయిదున్నర దాటితే 4.56. రెండు చుట్లు తిప్పి ఊరుకుంటే నాలుగా, నాలుగుంపావా అన్న అనుమానం మిగిలిపోతుంది, అందుకే ఇరవై.

అసలు లెక్క: 60లో ఇంజిన్ ఎంత తిరుగుతోంది?

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

లోడు వేసిన బండిని సిమెంటు నేల మీద పెట్టి, వెనక టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా ఒకే గీత గీయండి. బండిని మెల్లగా ముందుకు తోయించి, టైరు మీది గీత మళ్లీ కిందికి వచ్చిన చోట నేల మీద ఇంకో గీత గీసి మధ్య దూరం కొలవండి. పికప్‌లలో ఎక్కువగా కనిపించే 215/75 ఆర్15 టైరుకు కాగితం లెక్కలో చుట్టుకొలత 2.21 మీటర్లు వస్తుంది. లోడుకు టైరు అణిగి ఉంటుంది కాబట్టి నేల మీద కొలిస్తే దాదాపు 2.14 మీటర్లు. 1000ని 2.14తో భాగిస్తే 467. అంటే కిలోమీటరుకు చక్రం 467 చుట్లు తిరుగుతుంది.

60 స్పీడులో నిమిషానికి సరిగ్గా ఒక కిలోమీటరు పోతాం. కాబట్టి ఆ 467 అంకే చక్రం ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు. దాన్ని క్రౌన్ రేషియోతో, టాప్ గేరు రేషియోతో గుణిస్తే ఇంజిన్ ఆర్‌పీఎం వస్తుంది. గేరు రేషియోలు బండి మాన్యువల్‌లో ఉంటాయి. ఐదో గేరు 0.8, నాలుగో గేరు 1 ఉన్న బండి అనుకుందాం.

4.1 సెట్టుతో ఐదో గేరులో 60 దగ్గర ఇంజిన్ 1,530 తిరుగుతుంది, 80 దగ్గర 2,040. 3.73 సెట్టు వేస్తే 60 దగ్గర 1,390, 80 దగ్గర 1,860. 4.56 వేస్తే 60 దగ్గర 1,700, 80 దగ్గర 2,270.

ఈ అంకెలు చూడగానే 3.73 వేయించుకుంటే డీజిల్ మిగిలినట్టే అనిపిస్తుంది. ఆగండి. మన పికప్‌లలో ఉండే చిన్న టర్బో డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి పూర్తి టార్క్ (తిప్పే బలం) 1,400–1,600 ఆర్‌పీఎం మధ్య ఎక్కడో మొదలై, 2,200 దాటే వరకు ఉంటుంది. ఆ కిందికి దిగితే, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోకు ఊపు చాలదు. ఒకటిన్నర టన్ను రొయ్యల మేత వేసుకుని 60లో పోతున్న బండి 1,390 దగ్గర ఉంటే, చిన్న ఫ్లైఓవర్ ఎక్కాలన్నా మూలుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ తప్ప స్పీడు రాదు. ఆ నల్ల పొగ సరిగ్గా మండకుండా పోయిన మీ డీజిలే.

అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? నాలుగో గేరుకు దిగుతాడు. 3.73 సెట్టుతో నాలుగో గేరులో 60 దగ్గర ఇంజిన్ 1,740 తిరుగుతుంది. పాత 4.1 సెట్టే ఉంటే అదే బండి ఐదో గేరులోనే 1,530తో హాయిగా పోయేది. డీజిల్ మిగులుతుందని వేసిన సెట్టు, లోడు మీద 60లో పోయేటప్పుడు ఇంజిన్‌ను ఇంకో రెండొందల చుట్లు ఎక్కువ తిప్పిస్తోందన్నమాట. నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ చాక్‌పీసుతో గోడ మీద రాసి చూపించే లెక్క ఇదే. చూశాక కొందరు టీ తాగి వెళ్లిపోతారు.

ఇంకో సంగతి. 10 శాతం ఆర్‌పీఎం తగ్గినంత మాత్రాన 10 శాతం డీజిల్ మిగలదు. బండిని ముందుకు తోయడానికి, గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి ఏ సెట్టు వేసినా అంతే. తగ్గేది ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి పెట్టే ఖర్చు మాత్రమే. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి దారికి ఉండే మూత, అదే థ్రాటిల్, సగం మూసుకుని గాలి పీల్చే శ్రమ ఒకటి ఉంటుంది కాబట్టి అక్కడ ఆదా కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. డీజిల్‌లో ఆ బాధ తక్కువ కాబట్టి ఆదా కూడా తక్కువ. సరైన బండికి సరైన సెట్టు పడినప్పుడు కూడా నేను చూసినంతలో మిగిలేది రెండు మూడు శాతం.

రూపాయల్లో చూద్దాం. రోజుకు 200 కిలోమీటర్లు, లీటరుకు 13 వచ్చే బండికి రోజుకు పదిహేనున్నర లీటర్ల దాకా పడుతుంది. అందులో 3 శాతమంటే అర లీటరు కన్నా తక్కువ, నలభై అయిదు రూపాయలు అనుకోండి. సెట్టు, బేరింగులు, సీలు, ఆయిలు, కూలీ అంతా కలిపి పాతిక వేలు అయిందనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి బండి ఏడాదిన్నర రోజూ తిరగాలి. క్రౌన్ ఎలాగూ అరిగి కూత పెడుతోంది, మార్చక తప్పదు అన్నప్పుడే రేషియో గురించి ఆలోచించండి. బాగున్న సెట్టును డీజిల్ కోసం పీకించొద్దు.

ఎవరికి ఏది

గూడూరు, పొదలకూరు నుంచి నిమ్మకాయలతో రాత్రిపూట చెన్నైకి పోయి, తెల్లారి ఖాళీగా వచ్చే బండ్లకు చిన్న అంకె సెట్టు పనికొస్తుంది. ఎన్‌హెచ్-16 మీద ఎత్తుపల్లాలు తక్కువ, ఆగాల్సినవి టోల్ గేట్లే, స్పీడు 75–80 మధ్య నిలకడగా ఉంటుంది. సగం దూరం లోడే ఉండదు. ఇలాంటి వాటికి సరే అంటాను, అదీ ఇంజిన్ కొత్తగా ఉండి 1,400 దగ్గరే లాగేదైతే.

అల్లూరు, ఇస్కపల్లి వైపు చెరువుల దగ్గరికి మేత తోలేవాళ్లు, ఐసు పెట్టెల్లో రొయ్యలు తెచ్చేవాళ్లు మాత్రం ఆ ఊసే ఎత్తొద్దు. చెరువు గట్ల మీద రెండో గేరు, మూడో గేరు. అక్కడ ఐదో గేరు లెక్కతో పనేముంది? పెద్ద అంకె సెట్టు ఉంటే బండి కదిలేటప్పుడు క్లచ్ తక్కువ కాలుతుంది. చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకలు వేసుకొచ్చే బండ్లది కూడా ఇదే దారి, పైగా వాటికి కాగితంలో రాసిన లోడు ఒకటి, వేసే లోడు ఒకటి. దాని గురించి మాట్లాడితే వ్యాసం పోలీసు స్టేషన్ దాకా పోతుంది.

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కేవాళ్లు, రాపూరు–చిట్వేలి ఘాటు దాటేవాళ్లు ఎక్కడం గురించే అడుగుతారు. దిగడం గురించి కూడా ఆలోచించాలి. లోడుతో దిగేటప్పుడు బండిని పట్టుకునేది ఇంజినే. చిన్న అంకె సెట్టు వేస్తే అదే గేరులో ఇంజిన్ పట్టు తగ్గుతుంది, బ్రేకు డ్రమ్ముల మీద భారం పెరుగుతుంది. ఘాటు బండ్లకు డీజిల్ మాట తర్వాత.

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోర్డ్ ఎఫ్-150 కొనేటప్పుడు ఫోన్ చేసి, “మామయ్యా, 3.31, 3.55, 3.73 అని అడుగుతున్నారు, ఏది తీసుకోను?” అన్నాడు. అక్కడ కొనేటప్పుడే ఆక్సిల్ రేషియో ఎంచుకోవచ్చు. ఆ బండికి పది గేర్లు, పదో గేరు రేషియో దాదాపు 0.64. మొదటి గేరు 4.7. అన్ని గేర్లున్నప్పుడు వెనక సెట్టు కాస్త అటూ ఇటూ అయినా గేరుబాక్సే సర్దుకుంటుంది, మైలేజీలో తేడా తక్కువ. పడవ వేసిన ట్రైలరో, ఇంకేదైనా బరువో లాగేవాడికే 3.73. వాడు ఆఫీసుకు పోతాడు, వారాంతంలో కూరగాయలు తెచ్చుకుంటాడు. 3.31 చాలన్నాను. మన ఐదు గేర్ల బండికి ఆ వెసులుబాటు లేదు. గేర్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి వెనక సెట్టు తప్పితే ప్రతి గేరులోనూ తెలుస్తుంది. అమెరికా వీడియోలు చూసి మన బండికి అంకెలు అంటగట్టొద్దు.

టైరు కూడా గేరే

ఇది చాలామంది పట్టించుకోరు. 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే టైరు వ్యాసం నాలుగు శాతం పైగా పెరుగుతుంది. 4.1 సెట్టు ఉన్న బండి 3.93 సెట్టు ఉన్నట్టు నడుస్తుంది. చూడ్డానికి బాగుంటుందని వెడల్పు టైర్లు వేయించుకుని, ఆ తర్వాత లాగుడు పోయిందని ఇంజిన్ విప్పమనేవాళ్లు ఉంటారు. అటువైపు కూడా ఉంది: కొత్త టైరు 8 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 16 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే రెండు శాతం పైన. నున్నగా అరిగిన టైర్లతో బండి బాగా లాగుతోందని మురిసిపోవడంలో నిజం లేకపోలేదు. వానలో బ్రేకు పడదు, అంతే.

మీటరును నమ్మొద్దు

గేరుబాక్స్ దగ్గర్నుంచి స్పీడు తీసుకునే బండ్లలో సెట్టు మారిస్తే స్పీడోమీటర్, కిలోమీటర్ల లెక్క రెండూ తప్పుతాయి. 4.1 తీసి 3.73 వేస్తే, 100 కిలోమీటర్లు పోయినా మీటరు 91 చూపిస్తుంది. డీజిల్ నిజంగా మిగిలినా, మీటరు లెక్కలో మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది, డ్రైవరు మెకానిక్ మీద పడతాడు. 4.56 వేస్తే తిరకాసు ఇంకోలా ఉంటుంది. 100 పోతే 111 చూపిస్తుంది, బండి మహా మైలేజీ ఇస్తోందని ఊరంతా చెప్పుకుంటాడు. “లోడు సెట్టు వేస్తే మైలేజీ పెరిగింది” అని మీరు విన్న కథల్లో కొన్ని ఇలా పుట్టినవే. 3.73 వేసినవాళ్లకు మరో ప్రమాదం, మీటరులో 73 కనిపిస్తుంటే బండి 80లో పోతుంటుంది. కెమెరా మీ మీటరును చూడదు.

అందుకని మైలేజీ కొలిచేటప్పుడు రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లను గానీ, ఫోన్‌లో జీపీఎస్‌ను గానీ నమ్మండి. ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే వైపు వాలి ఉండేలా నిలిపి ట్యాంకు నిండా కొట్టించండి. ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 120 కిలోమీటర్లు. పోయి వచ్చి మళ్లీ నిండా కొట్టించండి. పోవడం మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎండాకాలం సాయంత్రం దక్షిణం నుంచి పైరగాలి తిరిగితే నెల్లూరు వైపు పోయే బండికి ఎదురుగాలి, ఒంగోలు వైపు వచ్చేదానికి తోడుగాలి. లోడు కూడా రెండుసార్లూ ఒకటే ఉండాలి.

ఈ కొలత తీసుకున్నాక సెట్టు మార్చే ముందు ఒక పని చేసి చూడండి. అదే దారిలో 80 బదులు 65లో పోండి. బండిని అడ్డుకునే ఎదురుగాలి ఒత్తిడి స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 65 దగ్గర అది మూడో వంతు తగ్గుతుంది. పైన పట్టా రెపరెపలాడకుండా బిగించి కట్టండి. టైర్లలో గాలి లోడుకు తగ్గట్టు పెట్టించండి. పైసా ఖర్చు లేకుండా ఈ మూడూ ఇచ్చేది ఏ క్రౌన్ సెట్టూ ఇవ్వదు.

వేయించుకోవాల్సే వస్తే

మీ హౌసింగ్‌కు కంపెనీ ఇచ్చే రేషియోల్లోంచే ఎంచుకోండి. ఎలాంటి లోడుకు, ఎలాంటి రోడ్డుకు అన్నది వాళ్లు ఇంజిన్‌తో కలిపి చూసుకుని ఉంటారు. ఒక మెట్టు మారితే చాలు, రెండు మెట్లు దూకొద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ముందు ఆక్సిల్‌కూ అదే రేషియో పడాలి. వెనకొకటి, ముందొకటి ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు, ముందూ వెనకా ఆక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పెనుగులాడి విరగొచ్చు. మన తడ దాటితే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటివి ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఖర్చు రెండింతలు.

బిగించే మెకానిక్ దగ్గర డయల్ గేజ్ (సన్నని వదులును కొలిచే ముల్లు గడియారం) ఉందో లేదో చూడండి. లేకపోతే లేచి వచ్చేయండి. పళ్ల మధ్య వదులు మిల్లీమీటరులో ఆరో వంతు అటూ ఇటూ ఉండే వ్యవహారం అది, చేత్తో ఊపి చూసి “సరిపోయిందిలే” అనేది కాదు. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పళ్ల మీద రంగు పూసి తిప్పినప్పుడు ఆ మచ్చ పన్ను మధ్యలో పడాలి. పై అంచుకో, మొదటికో పడితే షిమ్ము (ఎడం సర్దడానికి వేసే పలుచటి రేకు) మార్చి మళ్లీ చూడాలి. ఓపిక లేనివాడు చేసిన సెట్టు 50 దాటగానే ఈల వేస్తుంది. పినియన్ బేరింగులు, సీలు కొత్తవే వేయించండి, అక్కడ ఆదా చూడొద్దు. ఆయిలు జీఎల్-5 రకమే పోయించాలి. గేరుబాక్స్‌కు పోయగా మిగిలిన జీఎల్-4 డబ్బా ఉందని అదే పోస్తే పళ్ల ముఖాలు అరిగిపోతాయి.

మొదటి 500 కిలోమీటర్లు సగం లోడుకు మించి వేయొద్దు. మొదటి రోజు పాతిక ముప్పై కిలోమీటర్లు పోయి, బండి ఆపి హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగులు ఎక్కువ బిగిశాయని అర్థం, ఆ రోజే వెనక్కి తీసుకురండి. 500 తర్వాత ఆయిలు దింపించి డ్రెయిన్ బోల్టును చూడండి. దాని అయస్కాంతానికి నల్లటి గుజ్జు పట్టి ఉంటే మామూలే. రేకు ముక్కలు గానీ, వేలికి గుచ్చుకునే రవ్వలు గానీ తగిలితే కొత్త ఆయిలు పోయించొద్దు, హౌసింగ్ విప్పించండి.